ఆదివారం కుప్ప

సబ్బవరం,
మార్చి 18, 2024.

బావా ఫ్రాన్సిస్,

నేను ఫోన్ చెయ్యడం లేదని మా చెల్లెలు అలిగిందని కబురు పంపావు. ముప్ఫై ఏళ్ళు మిల్లు చప్పుడులో బతికిన చెవులివి. ఫోన్‌లో అప్పలమ్మ మాట్లాడితే నాకు సముద్రం హోరు వినిపిస్తుంది తప్ప మాట వినిపించదు. కళ్ళు మిగిలాయి కనక కాగితం మీద మాట్లాడుకుందాం. మీ పెళ్ళయిన యాభై ఏళ్ళకు బావ దగ్గర్నుంచి ఉత్తరాలు వస్తున్నందుకు నువ్వు సంతోషించాలి.

ఈ కవరులో నా వ్యాసం అచ్చయిన పత్రిక ముక్క పెట్టాను. పైకి చదివి అప్పలమ్మకు వినిపించు. 'ఆదివారం కుప్ప' అని పేరు పెట్టాను. మన పాలెం గురించి అచ్చులో వచ్చిన మొదటి మాట ఇదే. అంతకు ముందు తుఫాను వచ్చినప్పుడు తప్ప మన పేరు ఎవరూ రాయలేదు.

పట్నంలో వాళ్ళకు పెద్దవల అంటే తెలియదు కనక విప్పి చెప్పాను. పడవ వాళ్ళు వలను సముద్రంలో వంపుగా దింపి వస్తే, ఒడ్డున ఉత్తరం తాడు కొందరు, దక్షిణం తాడు కొందరు పట్టి లాగుతారు. లాగిన వాళ్ళకు ఇసుక మీద వాటాలు పడతాయి. ఆదివారం మీ చర్చి వాళ్ళు తాడు పట్టరు. గుడి వైపు మావాళ్ళు లాగి, మీ అందరికీ కలిపి ఒక కుప్ప విడిగా పోసి, తడి గోనె కప్పి ఉంచుతారు. ప్రార్థన అయ్యాక మీరు వచ్చి ఎత్తుకుంటారు. జ్యేష్ఠంలో అమ్మవారి మంగళవారాలు మావాళ్ళు సముద్రం ముట్టరు. అప్పుడు మీరు లాగి మాకు కుప్ప పోస్తారు. ఇది ఎవరు మొదలుపెట్టారో మన తాతలకూ తెలియదు. దీని గురించి ఎవరూ మాట్లాడుకోగా నేను వినలేదు. దేవుడి దగ్గరకు వెళ్ళినవాడి వాటా పోకూడదు, అంతే.

ఇప్పుడే ఎందుకు రాశానంటావేమో. శ్రీరామ్మూర్తి కోసం. మిల్లు యూనియన్ ఎన్నికల్లో జనం చేతిలో పసుపు బియ్యం పెట్టి, దేవుడి పటం ముందు ప్రమాణాలు చేయించి నన్ను ఓడించిన మహానుభావుడు. ఇప్పుడు ఒక పార్టీకి మన వైపు పెద్దదిక్కు. అమ్మవారి గుడికి సిమెంటు ఆర్చి కట్టిస్తానని తిరుగుతున్నాడట. ఇంకో పార్టీ తరఫున మోహన్ మీ పాస్టరు గారిని కలిసి చర్చికి ప్రహరీ గోడ కట్టిస్తానన్నాడట. పార్టీల పేర్లు రాయను, కాగితం దండగ. మీ ఇద్దరికన్నా చదువు రాని నా పాలెం బుద్ధిలో ఎప్పుడో పెద్దదయిందని వాళ్ళ మొహాన చెప్పాలనిపించింది. చెప్పాను.

అప్పలమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నీ బావ,
అర్జునరావు

పాలెం,
మార్చి 27.

అర్జునరావు బావకు ప్రభువు నామంలో వందనాలు. (నీకు ఆ పేరు గిట్టదని తెలుసు. అయినా నా ఉత్తరం, నా వందనాలు.)

నువ్వు పంపిన ముక్క చదివి వినిపించాను. సగంలో ఉండగా అప్పలమ్మ లేచి పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది. కళ్ళు తుడుచుకోవడానికి అనుకున్నాను. కాదు. "మా అన్నకి పనీ పాటా నేదు. ఇంట్లో మాట ఈదిలో ఎట్టేడు" అంది. నేను నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది.

శ్రీరామ్మూర్తి శనివారం సాయంత్రం కారులో వచ్చి గుడి అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో నీ పత్రిక. అందరినీ పిలిచి చదివించాడు. తర్వాత మీ వైపు వాటాలు పోసే కోటిని అడిగాడు.

"ఏడాదికి ఆదివారాలెన్ని?"

"ఏబై రెండండి."

"మన అమ్మోరి మంగళారాలు?"

"నాలుగో అయిదో."

"ఏటిరా ఈ లెక్క? ఇన్నేళ్ళూ ఎవుడికి సాకిరీ సేత్తన్నారు మీరు?"

"మనం ఎప్పుడూ లెక్కెట్టలేదండి బాబూ" అన్నాడు కోటి.

"మీ అర్జునరావెట్టేడు గదా. సదువుకున్నోడు. మనోడు."

ఆ రోజు నుంచీ తాడు దగ్గర పాట లేదు. లాగుతున్నారు. మాట్లాడుకోవడం లేదు. ఆదివారం మా కుప్ప పోశారు గానీ గోనె కప్పలేదు. మేం వెళ్ళేసరికి ఎండకి చేప వాడిపోయింది.

నువ్వు మంచికే రాసి ఉంటావు. కానీ శ్రీరామ్మూర్తి నిన్ను 'మనోడు' అంటుంటే మా చర్చి వాళ్ళు నా మొహం చూస్తున్నారు. నువ్వేమైనా అతన్ని కలిశావా? ఊరికే అడుగుతున్నాను.

మోకాళ్ళ నొప్పి ఉంది. చెప్పదు.

ఫ్రాన్సిస్

సబ్బవరం,
ఏప్రిల్ 3.

ఫ్రాన్సిస్ గారికి,

'ఊరికే' అడిగావు కదూ. నన్ను అంత చిన్నబుచ్చిన మాట శ్రీరామ్మూర్తి కూడా ఎప్పుడూ అనలేదు.

నేను ఎవరి మనిషినో తెలుసుకోవాలని నిన్న ఒక పార్టీ తరఫున సర్వే చేసే అమ్మాయి కూడా వచ్చింది. ఫోన్ చేతిలో పట్టుకుని గట్టిగా అరుస్తూ అడిగింది. "తాతగారూ, మీరు హిందువులా, క్రిస్టియన్లా?" ఏదీ కాదమ్మా అన్నాను. "అలాంటిది ఇందులో లేదండీ" అంది. అయితే నన్ను వదిలెయ్యమన్నాను. "వదిలేస్తే ముందుకెళ్ళదండీ" అంది. చివరికి ఏం నొక్కిందో నాకు తెలియదు. మీ పాలెంలో కూడా నన్ను ఏదో ఒకటి నొక్కేసినట్టున్నారు.

ఇక నేను అడుగుతాను. చర్చి ప్రహరీకి పునాది తవ్వారని ఇక్కడ కూరల బండి వాడికి తెలుసు. నాకు నువ్వు రాయలేదు. చర్చి సంఘానికి పెద్దవు నువ్వు. మోహన్ దగ్గర గోడ పుచ్చుకున్న నోటితో నన్ను ప్రశ్నిస్తున్నావా?

శ్రీరామ్మూర్తి లెక్కకు లెక్కే జవాబు. రాత్రింబగళ్ళు కూర్చుని రెండో వ్యాసం రాశాను. పోటు ఎక్కువై వల పడని ఆదివారాలు తీసేశాను. మావాళ్ళ అమావాస్యలు, పెళ్ళిళ్ళు, చావులు వచ్చినప్పుడు మీ వాళ్ళు లాగి మాకు కుప్ప పోసిన రోజులు కలిపాను. చివరకు మీవాళ్ళు తీర్చాల్సిన బాకీ ఏమంత మిగల్లేదు. అచ్చు వేసిన లెక్క ముందు వాడు నోరెత్తలేడు. గోడ సంగతి కూడా రెండు వాక్యాలు రాశాను. రెండు వైపులా కొట్టకపోతే న్యాయం కాదు కదా.

అర్జునరావు

పాలెం,
ఏప్రిల్ 24.

బావా,

రెండో వ్యాసం వచ్చింది. నువ్వు పంపక్కర్లేకపోయింది. రెండు పార్టీల వాళ్ళూ జిరాక్సులు తీసి పంచారు. గుడి వాళ్ళు ఆదివారాల దగ్గర ఎర్ర గీత గీశారు. చర్చి వాళ్ళు చావుల దగ్గర గీశారు.

మీ తమ్ముడు సముద్రంలో పోయినప్పుడు మీ ఇంటి వాళ్ళంతా తాడు పట్టకుండా కూర్చున్న పది రోజులు కూడా నువ్వు కలిపావు. ఆ పది రోజులూ నేను ఉత్తరం తాడు మీద ఉన్నాను. మీ అమ్మకి చేప తీసుకెళ్తే గుమ్మంలో నిలబడి అందుకునేది. అది బాకీ తీర్చడం అనుకోలేదు నేను. బాకీ అన్న మాట మన పాలెంలో ఈ సంగతికి వాడింది నువ్వే మొదలు.

గోడ సంగతి. నేను వద్దన్నాను. సంఘంలో ఇద్దరం వద్దన్నాం. ఓడిపోయాం. నీకు రాయలేదు, సిగ్గేసి. ఇప్పుడు గోడ గుట్టు బయటపెట్టింది నేనేనని మావాళ్ళ అనుమానం. నీకు తెలిసినవన్నీ నా ద్వారానే తెలుస్తాయని వాళ్ళకు తెలుసు.

మరపడవలకు వేట నిషేధం మొదలై అవన్నీ ఇసుక మీదకు ఎక్కాయి. ఈ రెండు నెలలు పాలెం తినేది పెద్దవల మీదేనని నీకు చెప్పక్కర్లేదు. మొన్న ఆదివారం మావాళ్ళకి కుప్ప పోయలేదు. సోమవారం మావాళ్ళు తాడు వదిలేశారు. శ్రీరామ్మూర్తి గుడి వాళ్ళకు కొత్త వల కొనిస్తానన్నాడు. సాయంత్రానికల్లా మోహన్ వచ్చి చర్చి వాళ్ళకూ ఒకటి ఇస్తానన్నాడు. రెండు వలలు ఉంటాయి. ఏ ఒక్కదానికీ లాగేంత మంది ఉండరు. ఈ ముక్క ఎవరికీ చెప్పలేకపోతున్నాను.

దయచేసి ఇంక ఏమీ రాయకు.

ఫ్రాన్సిస్

సబ్బవరం,
మే 2.

బావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రాయవద్దన్నావు కనక రాయలేదు. నోటితో తేల్చుకుందామని నిన్న పట్నంలో సీతమ్మధార వెళ్ళి శ్రీరామ్మూర్తి ఆఫీసు మెట్లెక్కాను. జరిగింది జరిగినట్టు చెప్తాను. వేరే వాళ్ళ నోట వినక ముందే నా నోట విను.

నేను దారిలో అన్నీ పేర్చుకున్నాను. నీ ఓట్ల కోసం మా వలను చీల్చావు, కొత్త వల ఎవరికీ అక్కర్లేదు, పాత దాని మీద చెయ్యి తియ్యి, ఇలా. లోపల జనం ఉన్నారు. నేను గుమ్మంలో కనబడగానే అతను కుర్చీలోంచి లేచి రెండు చేతులూ చాచి వచ్చాడు. "రండి రండి అర్జునరావు గారూ! మా కళ్ళు తెరిపించిన రచయిత!" అని నాలుగు వీధులకు వినపడేలా అరిచాడు. నాకే వినపడిందంటే చూసుకో. నేను నోరు తెరిచేలోగా ఎవడో వెనక నుంచి భుజాల మీద శాలువా వేశాడు. ఇంకెవడో దండ. ఫోన్లు మెరిశాయి.

"ఒరే శ్రీరామ్మూర్తీ, నేను వచ్చింది దీనికి కాదు" అన్నాను. అతను నా చెవి దగ్గర ఏదో అని నవ్వాడు. నాకు వినపడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

శాలువా బస్టాపు బెంచీ మీద వదిలేసి వచ్చాను. ఫోటో మీ ఫోన్లలోకి వస్తుంది. అందులో నా నోరు తెరిచి ఉంటుంది. నవ్వు అనుకుంటారు. అది తిట్టు.

అర్జునరావు

పాలెం,
మే 4.

అర్జునరావు గారికి,

ఫోటో చూశాం. సంతోషంగా కనబడుతున్నారు. శాలువా రంగు బాగుంది.

అప్పలమ్మ ఆ ఫోన్ తీసుకుని చాలాసేపు చూసి, "మా అన్న ఇలా నవ్వగా నానెప్పుడూ సూణ్ణేదు" అంది. భోజనం చెయ్యలేదు.

మీరు మీ కక్ష తీర్చుకున్నారో, అతను తీర్చుకున్నాడో నాకు తెలియదు. ఇక మీరు నాకు రాయకండి.

ఫ్రాన్సిస్

సబ్బవరం,
మే 20.

బావా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నేను రెండో తారీఖున రాసింది ఈపాటికి నీకు అంది ఉంటుంది. అందినా జవాబు లేదంటే నువ్వు నమ్మలేదన్నమాట. 'గారు' అని, 'మీరు' అని రాశావు. అది శాలువా కన్నా బరువుగా ఉంది.

ఓట్లు అయిపోయాయి. నేనూ వేశాను. ఎవరికి వేశానో చెప్పను, చెప్పేంత గొప్ప పేరు అందులో లేదు. లైనులో నా ముందు నిలబడ్డవాడు బొట్టు పెట్టుకుని వచ్చాడు, వెనకవాడు మెడలో సిలువ బయటికి కనపడేలా వేసుకుని వచ్చాడు. ఇద్దరూ ఒకే కంపెనీ చెప్పులు తొడుక్కున్నారు. ఇంతకుముందయితే దీని మీద ఒక వ్యాసం రాసేవాణ్ణి.

ఓట్లయ్యాక శ్రీరామ్మూర్తి, మోహన్ మీ వైపు కారు తిప్పరు. వల మాత్రం మీ దగ్గరే ఉంటుంది. పడుతోందా? ఆ ఒక్కటీ రాయి. నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, 'నువ్వు' అంటూనే తిట్టు. నిషేధంలో పొయ్యి ఎలా వెలుగుతోంది? అప్పలమ్మ తింటోందా?

నీ బావ

పాలెం,
జూన్ 12.

బావా,

జవాబు రాయకూడదనుకున్నాను. అప్పలమ్మ పక్కన కూర్చుని రాయిస్తోంది.

కొత్త వలలు రెండూ వచ్చాయి. ఒకటి గుడిలో, ఒకటి చర్చి వరండాలో, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉన్నాయి. పోలింగు అయ్యాక ఎవరూ కనబడలేదు. ఆర్చికి స్తంభాలు లేచాయి, పైకప్పు లేదు. గోడ మూడు వైపులే అయింది. సముద్రం వైపు ఖాళీ.

మే ఇరవై ఆరు ఆదివారం. ప్రార్థన జరుగుతోంది. ఆ ఖాళీలోంచి అందరికీ కనబడుతోంది. నీళ్ళు నల్లగా కదులుతున్నాయి, పైన పక్షులు దూకుతున్నాయి. కవళ్ళ చేపల గుంపు. గుడి వాళ్ళు ఆగలేక పాత వల దింపారు. తాళ్ళు పట్టింది పాతికమంది. వల నిండింది, రావడం లేదు. దక్షిణం తాడు వాళ్ళు ఇసుకలో జారిపోతున్నారు. పాస్టరు గారు వాక్యం చదువుతున్నారు గానీ ఒక్కరూ ఆయన వైపు చూడడం లేదు.

ఆడవాళ్ళ వైపు నుంచి మీ చెల్లెలు లేచింది. పాస్టరు గారు ఆపి, "ఎక్కడికమ్మా?" అన్నారు.

"మీరు సదూతుండండయ్యా. మైకుంది గదా, తాడు కాడికి ఇనిపిత్తాది" అంది.

ఆ మోకాళ్ళతోనే వెళ్ళింది. వెనకే ఆమె పక్కన కూర్చున్న ధనలక్ష్మి, ఇంకో ఏడెనిమిదిమంది ఆడవాళ్ళు. మగవాళ్ళం ఒక్కరమూ కదల్లేదు. నేను సంఘ పెద్దను. నేనూ కదల్లేదు.

వల ఒడ్డుకొచ్చింది. వాటాల దగ్గర కోటి, "తాడట్టినోల్లకే వాటా" అన్నాడు. చర్చి ఆడవాళ్ళకూ సమానంగా ఇచ్చాడు, అబద్ధం చెప్పకూడదు. అప్పలమ్మ తన వాటా ఎత్తుకుని నాలుగడుగులు పక్కకు నడిచి, ఇదివరకు మా కుప్ప పోసే చోట పోసింది. తడి గోనె అడిగి కప్పింది.

"ఏటప్పా, ఎవులికది?" అన్నాడు కోటి.

"పార్తనలో ఉన్నోల్లకి."

"అది నీ వాటాయే."

"నా వాటాయే గదరా. నా ఇట్టమొచ్చినోడికెడతాను. నీకేటి నొప్పి?"

ప్రార్థన అయ్యాక మేమంతా ఆ దారినే వచ్చాం. అందరూ చూశారు. చూడనట్టు దాటారు. ఎత్తితే, గుడి వాళ్ళు విదిలించింది తిన్నామంటారు. కుక్కలు దూరంగా కూర్చుని ఉన్నాయి. బావా, నేను దాటి పది అడుగులు వేశాను. తర్వాత వెనక్కి వచ్చి గోనెతో సహా ఎత్తాను. ముప్ఫై ఇళ్ళకు తలా గుప్పెడు పంచబోయాను. సగం ఇళ్ళు తలుపు వేసుకున్నాయి. బుధవారం నన్ను సంఘ పెద్ద పదవి నుంచి తీసేశారు.

నిన్న అమ్మవారి మొదటి మంగళవారం. గుడి వాళ్ళు సముద్రం ముట్టలేదు. మేం పోయాల్సిన కుప్ప. అప్పలమ్మ, నేను, ఆ ఆడవాళ్ళు, నాలుగిళ్ళ కుర్రాళ్ళు పాత వల దింపాం. సరిపోలేదు. వంగి వంగి లాగాం. గుడి అరుగు మీద కోటి నిలబడి చూస్తున్నాడు. రెండుసార్లు మెట్లు దిగాడు, మళ్ళీ ఎక్కాడు. పండగ రోజు తాడు పడితే అమ్మవారికి అపచారం, నాకు తెలుసు, నేను పిలవలేదు. చీకటి పడేవేళకు ప్రవాహం వలను ఉత్తరంగా లాక్కెళ్ళి రాళ్ళ మీద వేసింది. పొద్దున్న బయటికి తీశాం. చేపలు చేరే సంచి దగ్గర రెండు బారల మేర చిరిగిపోయింది. చేప ఒక్కటీ లేదు.

కొత్త వలలు వాడుకోవచ్చు కదా, పాతది కాల్చేద్దాం అంటున్నారు. రెండు వైపుల వాళ్ళూ అంటున్నారు. ఈ ఒక్క మాట మీద కలిశారు.

శాలువా సంగతి నువ్వు రాసిన ఉత్తరం ఓట్లయిన మర్నాడు అందింది. నమ్మానా లేదా అని అడగకు. అప్పలమ్మ నమ్మింది.

ఇది పత్రికకు ఇవ్వకు.

ఫ్రాన్సిస్

సబ్బవరం,
జూన్ 15.

బావా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. పత్రిక ఎడిటరు గారి ఉత్తరం కూడా నిన్ననే వచ్చింది. పాలెంలో ఎవరో ఆడమనిషి ప్రార్థన మధ్యలో లేచి వల లాగిందట, మీ ఊరే కదా, రాయండి అని. ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. నాకేమీ తెలియదని రాసి, సబ్బవరం కాలువల్లో దోమల మీద ఒక వ్యాసం పంపాను. బాగానే వచ్చింది. శ్రీరామ్మూర్తి పేరు ఎక్కడా లేదు.

అప్పలమ్మ గురించి ఒక్క వాక్యం కూడా నేను ఎక్కడా రాయను. రాస్తే ఆ కుప్ప కూడా ఎవడో లెక్కపెడతాడు.

వలను కాల్చనివ్వకు. ఎల్లుండి సోమవారం పొద్దున్న బస్సుకు వస్తున్నాను. మా నాన్న దగ్గర పద్నాలుగేళ్ళ వరకూ నేను నేర్చుకున్నది వల బాగుచెయ్యడం ఒక్కటే. చదువు ఆ తర్వాత వచ్చింది. వేళ్ళు వంగుతాయో లేదో చూడాలి. దారం నువ్వు కొనవద్దు. ఇక్కడే కొని తెస్తాను.

మర్నాటి మంగళవారానికి అవుతుందని మాట ఇవ్వలేను. అయినా లాగేవాళ్ళు కావాలి కదా. ఆ సంగతి నా చేతుల్లో లేదు. చిరుగు మాత్రం ఉంది.

వల ఎక్కడ పడి ఉందో అక్కడే ఉండనివ్వు. గుడి నీడలోకి లాగుతామని ఒకరు, చర్చి వరండాలోకి చేరుస్తామని ఒకరు మర్యాదకు అంటారు. ఒప్పుకోకు. నేను ఇసుకలోనే, ఎండలోనే కూర్చుని కడతాను.

నీ బావ,
అర్జునరావు